గుర్రపు డెక్క పీత రక్తం అక్కర్లేని ఎండోటాక్సిన్ పరీక్ష

సెలైన్ బాటిల్, టీకా సీసా, ఇన్సులిన్ కార్ట్‌రిడ్జ్, గుండెలో వేసే స్టెంట్... రక్తంలోకి వెళ్లే సరుకైనా, రక్తాన్ని తాకే సరుకైనా ఫ్యాక్టరీ గేటు దాటాలంటే ఒక పరీక్ష నెగ్గాలి. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలో ఇంజెక్షన్లు తయారుచేసే యూనిట్లలో క్వాలిటీ కంట్రోల్ మైక్రోబయాలజీ విభాగాలు ఈ పరీక్షను దాదాపు రోజూ చేస్తాయి. జ్వరం తెప్పించే బ్యాక్టీరియా విషాన్ని వెతికే పరీక్ష ఇది. కాగితాల్లో దాని పేరు బ్యాక్టీరియల్ ఎండోటాక్సిన్ టెస్ట్. ల్యాబ్‌లో అందరూ బీఈటీ అనో, ఎల్‌ఏఎల్ అనో అంటారు. ఆ పరీక్షలో విషాన్ని పసిగట్టడానికి కలిపే పదార్థం, అంటే రీఏజెంట్, చాలా చోట్ల ఇప్పటికీ గుర్రపు డెక్క పీత రక్తం నుంచే వస్తోంది.

సముద్ర జీవుల్ని తరిగిపోకుండా వాడుకోవడం అనగానే నాచు పెంపకమో, రొయ్య తొక్కల నుంచి కైటోసాన్ తీయడమో గుర్తొస్తుంది. ఈ పీత విషయంలో జరిగింది వేరు. దీన్ని చెరువుల్లో పెంచలేదు. దీని జన్యువు ఒకదాన్ని చదివి, అది చేయించే ప్రోటీన్‌ను కణాల చేత తయారుచేయించారు. జీవిని ముట్టుకోకుండా దాని తెలివిని మాత్రం తీసుకున్నారు. ఆ సరుకు 2003లోనే మార్కెట్లోకి వచ్చింది. అప్పటినుంచి ఆలస్యం జరుగుతున్నది సైన్సులో కాదు, వాలిడేషన్ ఫైళ్లలో, అంటే పరీక్ష సరిగ్గా పనిచేస్తోందని రుజువు చేసే కాగితాల్లో. ఆ ఆలస్యాన్ని తగ్గించడానికి ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలిసిందే: మందుల దగ్గర కాదు, ప్లాంటులోని నీళ్ల శాంపిళ్ల దగ్గర.

వేడికి లొంగని విషం

గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొరలో ఉండే లైపోపాలీశాకరైడే ఎండోటాక్సిన్. ఇబ్బంది ఏమిటంటే, బ్యాక్టీరియా చచ్చినా ఇది పోదు. పైగా కణం పగిలినప్పుడు ఇంకా ఎక్కువగా బయటికొస్తుంది. 121 డిగ్రీల ఆటోక్లేవ్ దీన్ని నమ్మదగినంతగా నాశనం చేయలేదు. బ్యాక్టీరియాను ఆపే 0.22 మైక్రాన్ ఫిల్టర్ దీన్ని ఆపలేదు. గాజు సామాను మీద దీన్ని పోగొట్టాలంటే పొడి వేడిలో 250 డిగ్రీల దగ్గర కనీసం 30 నిమిషాలు ఉంచాలి. అంటే ఒక ఇంజెక్షన్ పూర్తిగా స్టెరైల్‌గా ఉండి కూడా రోగికి చలిజ్వరం తెప్పించగలదు, బీపీ పడిపోయేలా చేయగలదు, మోతాదు మించితే షాక్‌లోకి నెట్టగలదు.

అందుకే మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథాలు, అంటే ఫార్మకోపియాలు, హద్దు పెట్టాయి. మామూలుగా నరానికి ఎక్కించే మందుల్లో కిలో శరీర బరువుకు గంటకు 5 ఎండోటాక్సిన్ యూనిట్లు దాటకూడదు. వెన్నులోకి ఇచ్చేవాటికి ఆ హద్దు 0.2. ఇంజెక్షన్లలో వాడే నీటిలో మిల్లీలీటరుకు 0.25 యూనిట్ల లోపే ఉండాలి.

ఒకప్పుడు దీన్ని కుందేళ్ల మీద చూసేవారు. మూడు కుందేళ్ల చెవి నరంలోకి మందు ఎక్కించి, మూడు గంటలపాటు ఒంటి వేడి కొలుస్తారు. ఏ ఒక్కదానికీ 0.5 డిగ్రీలో, అంతకంటే ఎక్కువో పెరగకూడదు. జ్వరం వచ్చిందా రాలేదా అన్నది తెలుస్తుంది గానీ ఎండోటాక్సిన్ ఎంత ఉందో తెలియదు.

నీలి రక్తం

1956లో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే పరిశోధకుడు ఒక సంగతి ప్రచురించాడు. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా సోకిన గుర్రపు డెక్క పీతల రక్తం ఒంట్లోనే గడ్డకడుతోంది. తర్వాత జాక్ లెవిన్‌తో కలిసి అతను తేల్చింది: బ్యాక్టీరియా బతికి ఉండనక్కర్లేదు, ఎండోటాక్సిన్ ఒక్కటే చాలు. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రక్తంతో చేసిన రీఏజెంట్‌కు మొదటి లైసెన్సు ఇచ్చింది. ఆ తర్వాత క్రమంగా కుందేళ్ల పరీక్ష చాలావరకు వెనక్కి పోయింది. ఎన్నో కుందేళ్ల ప్రాణాలు నిలిచాయి. భారం పీతల మీద పడింది.

పేరుకే ఇది పీత. చుట్టరికం మాత్రం తేళ్లతో, సాలీళ్లతో. దాదాపు 44 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దీని పూర్వీకుల శిలాజాలు దొరికాయి. ఆక్సిజన్ మోసేది ఇనుమున్న హీమోగ్లోబిన్ కాదు, రాగి ఉన్న హీమోసయానిన్. అందుకే గాలి తగిలితే రక్తం నీలంగా మారుతుంది. మనకున్నట్టు యాంటీబాడీలు లేవు. బదులుగా అమీబోసైట్లు అనే కణాలు రేణువుల నిండా గడ్డకట్టించే ప్రోటీన్లు నింపుకుని తిరుగుతుంటాయి. ఎండోటాక్సిన్ తగలగానే వాటిలో ఫ్యాక్టర్ సీ అనే ప్రోటీన్ మేలుకుంటుంది. అది ఫ్యాక్టర్ బీని, అది ప్రోక్లాటింగ్ ఎంజైమ్‌ను చేతనం చేస్తాయి. చివరికి కోయాగ్యులోజెన్ అనే ప్రోటీన్ తెగి జెల్‌గా పేరుకుంటుంది. పక్కనే ఫ్యాక్టర్ జీ అనే రెండో దారి కూడా ఉంది. అది ఎండోటాక్సిన్‌కు కాదు, బీటా గ్లూకాన్లకు స్పందిస్తుంది. ఫంగస్ గోడల్లో, సెల్యులోజ్ ఫిల్టర్ల నుంచి దిగే పదార్థంలో ఇవి ఉంటాయి. ఈ రెండో దారి సంగతి మళ్లీ వస్తుంది.

రక్తం తీసే పద్ధతి ఇది. వలలతోనో చేతులతోనో పట్టిన పీతల్ని ప్లాంటుకు తెచ్చి, కడిగి, వరసగా ర్యాకుల్లో బిగిస్తారు. ముందు డిప్ప, వెనక భాగం కలిసే మడత దగ్గర మెత్తని పొర ఉంటుంది. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, అక్కడినుంచి గుండె దాకా సూది దించుతారు. రక్తం దానంతట అదే సీసాలోకి కారి, గడ్డకట్టాక ఆగుతుంది. అలా ఒంట్లో ఉన్న రక్తంలో దాదాపు 30 శాతం వరకు పోతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అమీబోసైట్లను వేరుచేసి, 3 శాతం ఉప్పు నీటితో కడిగి, ఎండోటాక్సిన్ లేని నీళ్లు పోస్తారు. ఉప్పదనం పోయేసరికి కణాలు ఉబ్బి పగులుతాయి. లోపలున్నది వడకట్టి ఫ్రీజ్ డ్రై చేస్తే సీసాలోకి వచ్చే తెల్లని పొడి ఎల్‌ఏఎల్, అంటే లిములస్ అమీబోసైట్ లైసేట్.

అమెరికాలో పీతల్ని తిరిగి సముద్రంలో వదులుతారు. అయినా అన్నీ బతకవు. అట్లాంటిక్ రాష్ట్రాల మత్స్య కమిషన్ తన లెక్కల్లో 15 శాతం చనిపోతాయని తీసుకుంటుంది. 30 శాతం దాకా పోతున్నాయని చూపిన అధ్యయనాలూ ఉన్నాయి. 2021లో రక్తం కోసం పట్టినవి ఏడు లక్షలకు పైగా. 15 శాతం లెక్కనే తీసుకున్నా లక్ష దాటుతుంది. బతికినవాటి పరిస్థితీ మామూలుగా ఉండదు. హీమోసయానిన్ తగ్గి మందకొడిగా కదులుతాయి. ఆడ పీతలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు రావడం తగ్గుతుంది. ఈ జీవి పెద్దదై గుడ్లు పెట్టడానికి 9, 10 ఏళ్లు పడుతుంది. కాబట్టి ఒక తరం దెబ్బతింటే అది లెక్కల్లో కనపడేసరికి పదేళ్లు గడిచిపోతాయి.

ఆసియాలో పరిస్థితి ఇంతకన్నా ఘోరం. చైనాలో టాకిప్లియస్ ట్రైడెంటేటస్ అనే జాతి రక్తంతో ఇలాంటి రీఏజెంటే తయారవుతుంది. రక్తం తీశాక చాలా పీతలు తిరిగి నీళ్లలోకి పోవు, తిండికో కైటిన్‌కో అమ్ముడుపోతాయి. 2019లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ జాతిని అంతరించే ముప్పున్నవాటిలో చేర్చింది.

జన్యువు చదివాక

రక్తంలో అన్నిటికన్నా ముందు ఎండోటాక్సిన్‌ను పసిగట్టేది ఫ్యాక్టర్ సీ. అదొక్కటి చేతికొస్తే మిగతా రక్తం అక్కర్లేదు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో డింగ్ జీక్ లింగ్, హో బౌ పట్టుకున్న దారి ఇదే. వాళ్లు జన్యువును తీసుకున్నది కార్సినోస్కార్పియస్ రొటుండికాడా అనే జాతి నుంచి. మన దేశంలో ఒడిశా, బెంగాల్ తీరాల్లో, మడ అడవుల బురదలో తిరిగే జాతి అది.

జన్యువు దొరికినంత మాత్రాన పని అయిపోలేదు. రీకాంబినెంట్ ప్రోటీన్ (ఒక జీవి జన్యువును మరో కణంలో పెట్టి చేయించే ప్రోటీన్) అనగానే ముందు తట్టేది ఈ. కోలై బ్యాక్టీరియా. ఈ పనికి అది రెండు విధాలా పనికిరాదు. మొదటిది, దాని గోడ నిండా ఉన్నదే ఎండోటాక్సిన్. ఎండోటాక్సిన్‌ను పట్టే ప్రోటీన్‌ను అందులో చేయిస్తే పుట్టకముందే అంటుకుపోతుంది. రెండోది, ఫ్యాక్టర్ సీ పెద్ద ప్రోటీన్. సరిగ్గా మడతపడటానికి, చక్కెర గొలుసులు తగులుకోవడానికి కేంద్రకం ఉన్న (యూకారియోట్) కణమే కావాలి. ఈస్ట్‌లో ప్రయత్నాలు జరిగాయి. బాగా కుదిరింది మాత్రం కీటకాలకు సోకే బాకులోవైరస్ ద్వారా జన్యువును కీటక కణాల్లోకి పంపినప్పుడు. ఆ కణాలు బయోరియాక్టర్‌లో పెరుగుతూ చురుకైన ఫ్యాక్టర్ సీని బయటికి వదులుతాయి. 2003లో పైరోజీన్ పేరుతో మొదటి కిట్ వచ్చింది.

ఈ కిట్‌లో జెల్ ఏర్పడదు. గడ్డకట్టే ప్రోటీన్ బదులు, తెగితే వెలుగునిచ్చే కృత్రిమ పెప్టైడ్ ఉంటుంది. ఎండోటాక్సిన్ తగిలి మేలుకున్న ఎంజైమ్ దాన్ని తెంచుతుంది. ఫ్లోరోసెన్స్ రీడర్‌లో 380 నానోమీటర్ల కాంతి వేసి 440 దగ్గర చదువుతారు. ఫ్యాక్టర్ జీ లేదు కాబట్టి గ్లూకాన్ల వల్ల వచ్చే తప్పుడు పాజిటివ్‌లకు తావు లేదు. తర్వాత వచ్చిన రీకాంబినెంట్ క్యాస్కేడ్ రీఏజెంట్లలో ఫ్యాక్టర్ సీ, ఫ్యాక్టర్ బీ, ప్రోక్లాటింగ్ ఎంజైమ్ మూడూ ఉంటాయి. అవి పసుపు రంగునిస్తాయి, 405 నానోమీటర్ల దగ్గర చదవాలి. ఎల్‌ఏఎల్‌తో రంగు మారే వేగాన్ని కొలిచే కైనెటిక్ క్రోమోజెనిక్ పరీక్ష చేసే ల్యాబ్‌లో ఆ రీడర్ అప్పటికే ఉంటుంది కాబట్టి కొత్త యంత్రం కొనే పని తప్పుతుంది.

20 ఏళ్లు ఎందుకు పట్టింది

మొదటి కారణం, చాలాకాలం ఒక్కటే సరఫరాదారు. ఒక్క కంపెనీ మీద ఆధారపడి బ్యాచ్ విడుదల చేయడానికి ఏ ప్లాంటూ ధైర్యం చేయదు. 2018 ప్రాంతంలో పేటెంట్ గడువు తీరడంతో ఆ చిక్కు వీడింది. అదే ఏడాది ఎలై లిల్లీ వారి మైగ్రేన్ ఇంజెక్షన్ ఎమ్‌గాలిటీకి, ఈ పరీక్షతోనే, ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

రెండోది ఫార్మకోపియా. ఎఫ్‌డీఏ 2012లోనే రీకాంబినెంట్ పద్ధతిని ప్రత్యామ్నాయంగా వాడుకోవచ్చంది. కానీ ప్రత్యామ్నాయం అంటే ఎవరికి వాళ్లు పూర్తి వాలిడేషన్ చేసి నిరూపించుకోవాలి. ఆ అదనపు ఫైలుకు జడిసి చాలామంది పాత పద్ధతిలోనే ఉండిపోయారు. ఈ పద్ధతికి చోటిచ్చిన యూరోపియన్ ఫార్మకోపియా 2.6.32 అధ్యాయం 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీన్ని చేర్చే విషయంలో అమెరికా ఫార్మకోపియా 2020లో వెనకడుగు వేసింది. చివరికి దాని 86వ అధ్యాయం 2025 మే నుంచి అధికారికమైంది. అమెరికాకు ఇంజెక్షన్లు పంపే మన ప్లాంట్లకు అన్నిటికన్నా ముఖ్యమైన తేదీ ఇదే. పరీక్షను కొత్తగా నిరూపించే భారం తగ్గి, తమ సరుకులో అది సరిగ్గా పనిచేస్తోందని చూపించే పని మిగిలింది.

మూడో కారణం గురించి తక్కువగా మాట్లాడుకుంటారు: చవక. జెల్ క్లాట్ పరీక్షకు కావలసింది 37 డిగ్రీల హీటింగ్ బ్లాక్, గాజు గొట్టాలు. 0.1 మిల్లీలీటరు శాంపిల్, 0.1 మిల్లీలీటరు రీఏజెంట్ కలిపి 60 నిమిషాలు ఉంచి గొట్టాన్ని తలకిందులు చేస్తారు. జెల్ నిలిస్తే పాజిటివ్, జారితే నెగటివ్. చిన్న యూనిట్ దీన్ని వదిలి ఫ్లోరోసెన్స్ రీడర్, సాఫ్ట్‌వేర్, దాని వాలిడేషన్ పెట్టుకోవాలంటే వెనకాడటం సహజం. ఆ సంకోచాన్ని తప్పుపట్టలేం.

నీళ్లతో మొదలు

ఒక ఇంజెక్షన్ల ప్లాంటులో ఎండోటాక్సిన్ పరీక్షలన్నీ లెక్కేస్తే పెద్ద వాటా తుది మందులది కాదు. శుద్ధ నీరు తిరిగే పైపుల (నీటి లూప్) నుంచి నీళ్లు పట్టే యూజర్ పాయింట్లు, ఆవిరి చల్లబడి వచ్చే స్టీమ్ కండెన్సేట్, కడిగిన సీసాల రిన్స్ నీళ్లు వంటి శాంపిళ్లది. నీటిలో పరీక్షను అడ్డుకునే పదార్థాలు దాదాపు ఉండవు. ఒక్కో మందుకూ విడిగా వాలిడేషన్ చేయాల్సిన పని ఉండదు. మార్కెట్‌లో ఉన్న మందు అనుమతి పత్రాల్లో మార్పులు పెట్టనక్కర్లేదు. ప్లాంటు సొంత ఛేంజ్ కంట్రోల్‌తో, అంటే మార్పును లోపలే పరిశీలించి ఆమోదించే పద్ధతితో, సరిపోతుంది. పీతల రక్తం వాడకాన్ని అత్యంత వేగంగా తగ్గించే మెట్టు ఇదే. కొత్త మందులకు అభివృద్ధి దశలోనే రీకాంబినెంట్ పద్ధతి పెట్టుకోవడం రెండో మెట్టు. పాత మందుల వంతు చివర్లో రావచ్చు.

మారే క్రమం ఇలా ఉంటుంది. ముందు రీడర్‌కు ఇన్‌స్టలేషన్, ఆపరేషన్ క్వాలిఫికేషన్లు, అంటే సరిగ్గా అమర్చారని, సరిగ్గా నడుస్తోందని చూసే తనిఖీలు. తర్వాత స్టాండర్డ్ కర్వ్, అంటే తెలిసిన మోతాదులతో గీసే కొలబద్ద గీత. 5, 0.5, 0.05, 0.005 యూనిట్ల డైల్యూషన్లు చేసి లాగ్-లాగ్ గీత వేస్తే సహసంబంధ గుణకం 0.980కి తగ్గకూడదు. వర్కింగ్ రీఏజెంట్‌ను కిట్‌లో చెప్పిన నిష్పత్తిలో అప్పటికప్పుడే కలపాలి. పైరోజీన్‌లో ఎంజైమ్ 1, బఫర్ 4, సబ్‌స్ట్రేట్ (వెలుగునిచ్చే పెప్టైడ్) 5 పాళ్లు. ప్లేటును ముందే 37 డిగ్రీలకు తెచ్చుకుని, ఒక్కో బావిలో 100 మైక్రోలీటర్ల శాంపిల్, 100 మైక్రోలీటర్ల రీఏజెంట్ పోసి, సున్నా నిమిషం దగ్గర ఒకసారి, గంట తర్వాత ఒకసారి చదువుతారు. ఆ రెంటి తేడాయే లెక్క. ప్రతి శాంపిల్‌కూ తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్ కలిపిన జత బావి ఉండాలి. కలిపిన దాంట్లో 50 నుంచి 200 శాతం మధ్య తిరిగి కనిపిస్తేనే ఫలితం చెల్లుతుంది. ఆ తర్వాత కొంతకాలం పాత, కొత్త పరీక్షలు రెండూ పక్కపక్కనే నడిపి పోల్చుకోవాలి.

పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. శుద్ధిచేసిన ఈ. కోలై స్టాండర్డ్‌తో మాత్రమే పోలిస్తే చాలదు. ప్లాంటు నీటి లూప్‌లో నిజంగా పెరిగే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్‌తో కూడా పోల్చాలి. కొత్త పద్ధతి మీద సందేహాలున్నవాళ్లు అడిగేది ఇదే, అది న్యాయమైన ప్రశ్న. ప్రీ-ట్రీట్‌మెంట్ దశలోని, అంటే ఇంకా పూర్తిగా శుద్ధికాని నీళ్లలో ఎండోటాక్సిన్ సహజంగానే ఉంటుంది. ఆ శాంపిళ్లనే రెండు పద్ధతుల్లోనూ చూస్తే జవాబు సొంత డేటాలోనే దొరుకుతుంది.

మందుల దగ్గరికి వచ్చాక మొదటి లెక్క, ఎంతవరకు పలచన చేయొచ్చన్నది. ఉదాహరణకు, గంటలో కిలో బరువుకు గరిష్ఠంగా 10 మిల్లీగ్రాములు ఇచ్చే మందు తీసుకుందాం. 5ను 10తో భాగిస్తే మిల్లీగ్రాముకు 0.5 యూనిట్ల హద్దు. ద్రావణం మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు, పరీక్ష సున్నితత్వం 0.125 అనుకుంటే, 0.5ను 10తో గుణించి 0.125తో భాగించాలి. 40 రెట్లు వస్తుంది. అదే పరీక్ష 0.005 దాకా పట్టగలిగితే 1,000 రెట్లు పలచన చేయొచ్చు. అడ్డుతగిలే పదార్థాల్లో చాలావాటి బలం ఆ పలచనలోనే పోతుంది.

ఎక్కడ తప్పుతుంది

రెండు పద్ధతులకూ ఉమ్మడిగా వచ్చే తప్పు స్టాండర్డ్ సీసా దగ్గరే మొదలవుతుంది. ఎండోటాక్సిన్ గాజుకు, ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది, ఒకదానికొకటి ముద్దకడుతుంది. సీసాలో నీళ్లు పోశాక సర్టిఫికెట్‌లో చెప్పినంతసేపు వోర్టెక్స్ యంత్రం మీద గిరగిరా కలపకపోతే, ప్రతి డైల్యూషన్ దగ్గరా నిమిషంపాటు తిప్పకపోతే కర్వ్ కిందికి జారుతుంది. పాలీప్రొపిలీన్ గొట్టాల్లో డైల్యూషన్లు చేసి, రికవరీ రావడం లేదని రీఏజెంట్‌ను తిట్టుకోవడం తరచూ జరిగేదే. బోరోసిలికేట్ గాజుకు మారితే చాలాసార్లు సమస్య తీరుతుంది.

జెల్ క్లాట్‌లో బ్లాక్‌కు ఎవరైనా తగిలి గొట్టం కదిలితే కడుతున్న జెల్ విరిగిపోతుంది, మళ్లీ కట్టదు. పాజిటివ్ కావలసింది నెగటివ్‌గా కనిపిస్తుంది. రీకాంబినెంట్ పద్ధతికి ఈ బాధ లేదు గానీ దాని సొంత బాధలు దానికున్నాయి. సబ్‌స్ట్రేట్‌ను వెలుతురులో వదిలేస్తే సున్నా నిమిషం రీడింగే పెరిగిపోతుంది. మందుకే ఫ్లోరోసెన్స్ ఉంటే చదవడం కష్టం. ట్రిప్సిన్ లాంటి ప్రోటియేజ్ ఉన్న సరుకైతే ఎండోటాక్సిన్ లేకపోయినా అదే పెప్టైడ్‌ను తెంచి పాజిటివ్ చూపిస్తుంది. అప్పుడు శాంపిల్‌ను వేడిచేసి ప్రోటియేజ్‌ను చంపి చూడాలి. లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ ఉంటే మెగ్నీషియం కలపాలి. పీహెచ్ 6 నుంచి 8 మధ్య లేకపోతే సరిచేయాలి.

పాలీసార్బేట్‌తోపాటు సిట్రేట్ గానీ ఫాస్ఫేట్ గానీ ఉన్న బయోలాజిక్ మందుల్లో మరో చిక్కుంది. కలిపిన ఎండోటాక్సిన్ గంటలు, రోజులు గడిచేకొద్దీ కనిపించకుండా పోతుంది. లో ఎండోటాక్సిన్ రికవరీ అంటారు. ఇది పీత రక్తంతోనూ వస్తుంది, రీకాంబినెంట్‌తోనూ వస్తుంది. కొత్త పద్ధతి దీన్ని తీరుస్తుందని ఆశపడకూడదు, దీన్ని చూపి కొత్త పద్ధతిని తప్పుపట్టనూ కూడదు.

ఫ్లోరోసెన్స్ రీడర్ కొనే స్థోమత లేని చోట మధ్యే మార్గంగా కార్ట్‌రిడ్జ్ పరికరాలున్నాయి. వాటిలోనూ ఎల్‌ఏఎల్ ఉంటుంది గానీ, మామూలు పరీక్షతో పోలిస్తే రీఏజెంట్ చాలా కొద్దిగా సరిపోతుంది. రీకాంబినెంట్‌కు మారేదాకా ఇదీ ఒక మేలే.

ల్యాబ్ తీర్చలేనివి

అమెరికాలో ఈ పీతల్ని రక్తానికే కాదు, ఈల్ చేపలకు, వెల్క్ నత్తలకు ఎరగానూ పడతారు. ఎరగా ముక్కలు చేసిన పీత ఒక్కటీ బతకదు. 1990ల్లో ఈ ఎర వేట విపరీతంగా పెరిగింది. డెలావేర్ బేలో పీత గుడ్లు తగ్గడంతో, ఆర్కిటిక్‌కు ఎగిరే దారిలో అక్కడ ఆగి ఆ గుడ్లు తిని బలం పుంజుకునే రెడ్ నాట్ పక్షులూ తగ్గిపోయాయి. అమెరికా 2014లో ఆ పక్షిని ముప్పున్న జాతిగా ప్రకటించింది. ఎర వేటకు కోటాలు, ఆడ పీతల్ని పట్టకుండా ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఈ పని మత్స్య శాఖలది, బయోరియాక్టర్ చేసిపెట్టేది కాదు.

మన తీరంలోనూ అంతే. ప్రపంచంలో ఉన్న నాలుగు జాతుల్లో రెండు, టాకిప్లియస్ గైగాస్, కార్సినోస్కార్పియస్ రొటుండికాడా, ఒడిశా, పశ్చిమ బెంగాల్ తీరాల్లో ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిని పట్టడం నేరం. బాలాసోర్ దగ్గర ఇసుక ఒడ్లకు గుడ్లు పెట్టడానికి వచ్చే ఈ పీతలు చేపల వలల్లో చిక్కుకుంటాయి. వాటిని విడిపించడానికి ఓపిక చాలక కాళ్లు విరగ్గొట్టి పారేయడం, ఒడ్డునే ఎండకు వదిలేయడం జరుగుతుంది. రక్తం కోసం వీటిని పట్టాల్సిన అవసరం ఫ్యాక్టర్ సీతో తీరిపోయింది. ఒడ్డున వెల్లకిలా పడున్న పీతను తిరగేసి నీళ్లలోకి వదలడానికి, గుడ్లు పెట్టే రోజుల్లో ఆ మేర వలలు వేయకుండా ఉండటానికి అక్కడి మత్స్యకారుల సహకారమే కావాలి. ఆ రోజులకు వాళ్లు నష్టపోయే వేటకు పరిహారం కూడా కావాలి.